24 కాదు, 22 కాదు, 21 కూడా కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ పత్రిక విద్యా పేజీలో, క్యాంపస్ ఇంటర్వ్యూలకు ప్రిపేర్ అయ్యే పిల్లల కోసం సి లాంగ్వేజ్ మాదిరి ప్రశ్నలు ఇచ్చారు. అందులో ఏడో ప్రశ్న గురించి ఈ ఉత్తరం. ఉత్తరం కొంచెం పెద్దదే అవుతుంది, ఎందుకంటే తప్పు ఒక్క ప్రశ్నలో ఉన్నా, దాని వెనక ఉన్న సంగతి ఇరవై ఏళ్లుగా మా క్లాసు రూముల్లో తిరుగుతున్నదే.

ప్రశ్న ఇది. ఐ అనే వేరియబుల్ విలువ 5. '++ఐ + ++ఐ + ++ఐ' ని ప్రింట్ చేస్తే ఎంత వస్తుంది? (++ఐ అంటే ఐ ని ఒకటి పెంచి, పెరిగిన విలువను తీసుకోమని.) ఎ) 18, బి) 21, సి) 22, డి) 24. కింద చిన్న అక్షరాల్లో జవాబు డి) 24 అని వేశారు.

సోమవారం పొద్దున ల్యాబ్ ఇంకా మొదలవలేదు, మా మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె ఆ పేజీని కత్తిరించి నోట్‌బుక్‌లో మడత పెట్టుకుని వచ్చింది. "మేడమ్, కీలో 24 ఉంది. ఇక్కడ ల్యాబ్‌లో 24 వస్తోంది. మా అన్నయ్య ల్యాప్‌టాప్‌లో 22 వస్తోంది. నా ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే 21 వచ్చింది. ఇంటర్వ్యూలో ఏది టిక్ పెట్టాలి?" అని అడిగింది. ఆ పిల్ల తప్పేమీ చేయలేదు. మూడు చోట్ల ఓపిగ్గా టైప్ చేసి చూసుకుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మూడూ నిజంగానే వస్తాయి, ఎలాగో చెప్తాను.

మా ల్యాబ్‌లో ఇంకా టర్బో సి అనే పాత కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామ్‌ను మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చేది) నడుస్తోంది, నీలం రంగు స్క్రీన్‌తో, పాత డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ లోపల. అది ముందు మూడు ఇంక్రిమెంట్లనూ చేసేస్తుంది, ఐ 8 అవుతుంది, తర్వాత 8, 8, 8 కూడుతుంది. 24. జీసీసీ అనే ఇంకో కంపైలర్ ఏం చేస్తుందంటే, మొదటి కూడిక కోసం రెండు ఇంక్రిమెంట్లు చేస్తుంది, ఐ 7 అవుతుంది, 7 కి 7 కలిపి 14 పక్కన పెట్టుకుంటుంది, అప్పుడు మూడోది చేస్తుంది, 8. మొత్తం 22. ఇక క్లాంగ్ అనే కంపైలర్ ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే విలువ తీసుకుంటూ పోతుంది, 6, 7, 8, మొత్తం 21. ఈ మూడు కంపైలర్లలో ఏదీ తప్పు చేయలేదు. ఎందుకంటే సి భాష రూల్స్ ప్రకారం ఆ వాక్యానికి జవాబంటూ లేదు.

ఈ మాట అంటే మా స్టాఫ్ రూమ్‌లోనే కొందరు నమ్మరు. "ఆపరేటర్ ప్రిసిడెన్స్ టేబుల్ ఉంది కదా మేడమ్, దాని ప్రకారం చేస్తే ఒకటే జవాబు రావాలి" అంటారు. ఆ టేబుల్ చెప్పేది ఏ ఆపరేటర్ (+, ++ లాంటి గుర్తు) ఎవరిని పట్టుకుంటుందో మాత్రమే. ముందు ఎవరి పని అవుతుందో అది చెప్పదు. పప్పూ అన్నం కలుపుకుని తినాలంటే రెండూ ఉడికి ఉండాలి, అంతవరకే. పొయ్యి మీదకి ముందు కుక్కర్ ఎక్కిందా, పప్పు గిన్నె ఎక్కిందా అన్నది ఆ ముద్దను చూసి ఎవరూ చెప్పలేరు. బ్రాకెట్లు పెట్టినా అంతే, కలిపే తీరు మారుతుంది గానీ వండే వరస మారదు. రెండు గిన్నెలూ ఒకే ఉప్పు డబ్బా మీద ఆధారపడకపోతే వరసతో మనకు పని లేదు. మన ప్రశ్నలో మూడు ముక్కలూ ఒకే ఐ ని మార్చేస్తున్నాయి, చిక్కంతా అక్కడుంది.

సి భాష రూల్స్ ఉన్న అధికారిక పత్రం, సి స్టాండర్డ్‌లో దీని గురించి స్పష్టంగానే రాశారు. సీక్వెన్స్ పాయింట్ అనే హద్దులు కొన్ని ఉంటాయి, వాక్యం చివర సెమీకోలన్ దగ్గర ఒకటి, రెండు ఆంపర్‌శాండ్ల (&&) దగ్గర ఒకటి, ఇలా. ఒక హద్దుకీ తర్వాతి హద్దుకీ మధ్య ఒక వేరియబుల్‌ను ఒక్కసారికి మించి మార్చకూడదు. మారిస్తే అది అన్‌డిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏం జరగాలో భాష నిర్వచించనిది. 2011 లో ఈ రూలు మాటలు మార్చి రాశారు, సారం మారలేదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఈ రెండు వాక్యాలు చెప్పడానికి పది నిమిషాలు చాలు. మేం మాత్రం ఆ పది నిమిషాలు పెట్టకుండా, సెమిస్టర్ అంతా ఇలాంటి ప్రశ్నలకు 'జవాబులు' బట్టీ పట్టిస్తున్నాం. ప్రింట్ చేసే ప్రింటెఫ్‌లో ఐ, ఐ++ (ఉన్న విలువ తీసుకుని పెంచేది), ++ఐ అని మూడు రాసి, "ఎప్పుడూ కుడి నుంచి ఎడమకి లెక్క వేయాలి" అని బోర్డు మీద రూలు రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది భాష రూలు కాదు. టర్బో సి ఆ విలువలను స్టాక్ అనే మెమరీ దొంతర మీదకు కుడివైపు నుంచి పేర్చేది, అంతే. ఒక పాత కంపైలర్ అలవాటు మన దగ్గర వ్యాకరణ సూత్రమై కూర్చుంది.

నేను వేరేవాళ్లను అంటున్నానని అనుకోకండి. 2008 లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, మిడ్ పరీక్షకి ఇలాంటి ప్రశ్నే నేనూ ఇచ్చాను. ఒక అబ్బాయి జవాబు దగ్గర "కంపైలర్‌ని బట్టి మారుతుంది, చెప్పలేం" అని రాశాడు. సున్నా వేసి, పక్కన ఎర్ర ఇంకుతో "ప్రశ్నకు జవాబు రాయాలి" అని రాశాను. పేపర్లు ఇచ్చిన రోజు వాడు నా టేబుల్ దాకా వచ్చి, పేపర్ చూపించబోయి, మళ్లీ ఏమీ అనకుండా వెళ్లి కూర్చున్నాడు. ఆ క్లాసు మొత్తంలో సరైన జవాబు రాసింది వాడొక్కడే. నాకు ఆ సంగతి నాలుగేళ్ల తర్వాత, స్టాండర్డ్ తెరిచి చదువుకున్నప్పుడు తెలిసింది. అప్పటికి ఆ అబ్బాయి కాలేజీ వదిలి వెళ్లిపోయాడు. ఆ రెండు మార్కులు నేను తిరిగి ఇవ్వలేకపోయాను.

"అయితే మూడింట్లో ఏదో ఒకటి వస్తుంది, దానికింత రాద్ధాంతమా" అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. అన్‌డిఫైన్డ్ అంటే మూడింట్లో ఏదో ఒకటి అని కాదు. అలాంటి పని చేసిన ప్రోగ్రామ్ విషయంలో కంపైలర్‌కి ఇక ఏ బాధ్యతా లేదని అర్థం. దీని దెబ్బ ఎంతవరకు వెళ్తుందో 2009 లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగమైన కెర్నెల్‌లో చూశాం. టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక పాయింటర్ (మెమరీలో విలువ ఉన్న చోటును చూపేది; ఏ చోటునూ చూపకపోతే నల్) నుంచి ముందు విలువ తీసుకుని, ఆ తర్వాత లైన్లలో "ఈ పాయింటర్ నల్ అయితే వెనక్కి వెళ్లిపో" అని చెక్ రాశారు. మామూలు కళ్లతో చూస్తే వరస కాస్త తప్పినట్టుంటుంది గానీ చెక్ అయితే ఉంది. జీసీసీ ఇంకోలా ఆలోచించింది. నల్ పాయింటర్ నుంచి విలువ తీయడం అన్‌డిఫైన్డ్, పైన విలువ తీశారంటే ఇది నల్ కాదనే లెక్క, కాబట్టి కింద చెక్ దండగ, అని దాన్ని తీసేసింది. రాసినవాడు పెట్టిన తాళం, తయారైన ప్రోగ్రామ్‌లో లేదు. ఆ సందులోంచి సిస్టమ్‌ను మొత్తం చేతిలోకి తీసుకోవచ్చని ఆ ఏడాది జూలైలో చేసి చూపించారు. ఆ తర్వాత కెర్నెల్ వాళ్లు ఇలాంటి చెక్‌లను తీసేయవద్దని కంపైలర్‌కి ప్రత్యేకంగా ఆప్షన్ ఇచ్చి మరీ కంపైల్ చేయడం మొదలుపెట్టారు. కంపైలర్ రూల్ ప్రకారమే నడిచింది, రాసినవాళ్లకు ఆ రూల్ తట్టలేదు. మన పిల్లలు రేపు వెళ్లి పని చేసేది ఇలాంటి కోడ్ మీదే.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడ నుంచి మొదలవుతుంది. ఒక ప్రోగ్రామ్ అర్థం ఏమిటి అన్నదానికి మనం మెషీన్‌ను అడుగుతున్నాం. రన్ చేసి చూడు, వచ్చిందే జవాబు, అంటున్నాం. మెషీన్ చెప్పేది ఆ రోజు, ఆ కంపైలర్‌తో, ఆ ఆప్షన్లతో ఏం జరిగిందో మాత్రమే. అర్థం అనేది భాష రూల్స్‌లో ఉండాలి, వాటిని మనిషి చదివి, కాగితం మీద లెక్క వేసి, "ఇదీ జవాబు" అనో "దీనికి జవాబు లేదు" అనో తేల్చగలగాలి. అలా రాసి పెట్టే విద్యకే ఫార్మల్ సెమాంటిక్స్ అని పేరు. పేరు చూసి భయపడాల్సిన పని లేదు. ఆ అమ్మాయికి నేను బోర్డు మీద వేసి చూపించింది ఇదే, మీ పాఠకులకూ చూపిస్తాను.

స్థితి అంటే ఆ క్షణాన ఏ వేరియబుల్‌లో ఎంత ఉందో రాసుకున్న చిన్న పట్టిక అనుకుందాం. ఇప్పుడు కూడికకు ఒక రూలు. మొదటి స్థితిలో ఎడమవైపు ముక్కను లెక్కిస్తే ఒక సంఖ్య, ఒక రెండో స్థితి వస్తాయి. ఆ రెండో స్థితిలో కుడివైపు ముక్కను లెక్కిస్తే ఇంకో సంఖ్య, ఒక మూడో స్థితి వస్తాయి. అప్పుడు కూడిక విలువ ఆ రెండు సంఖ్యల మొత్తం, మిగిలేది మూడో స్థితి. రూలు అంతే. దీంతో మన ప్రశ్న వేయండి. పట్టికలో ఐ 5. ఎడమ ముక్క 6 ఇచ్చి పట్టికలో 6 రాస్తుంది, తర్వాతది 7 ఇచ్చి 7 రాస్తుంది, ఇప్పటికి 13. చివరిది 8. మొత్తం 21, పట్టికలో 8. కంప్యూటర్ ముట్టుకోకుండా తేలిపోయింది. జావాలో జరిగేది ఇదే, ఎడమ నుంచి కుడికి లెక్కించాలని ఆ భాష నిర్వచనంలోనే రాసి ఉంది కాబట్టి జావాలో ఏ కంపెనీ తయారు చేసిన దాంట్లో వేసినా 21 రావాల్సిందే, రాకపోతే అది ఆ తయారీలో తప్పు.

ఇప్పుడు ఆ రూలులో ఒక్క మాట మారుద్దాం. కుడివైపు ముక్కను "రెండో స్థితిలో" అనకుండా "మొదటి స్థితిలో" లెక్కించమందాం. మూడు ముక్కలకూ ఐ 5 గానే కనపడుతుంది, మూడూ 6 ఇస్తాయి, మొత్తం 18. మీ ఆప్షన్ ఎ. ఒక్క మాట మారితే ఇంకో భాష తయారైంది. బోర్డు దగ్గర ఆ అమ్మాయి కాసేపు దాన్నే చూసి, "అంటే మేడమ్, సి వాళ్లు ఈ రూలు రాయకుండా వదిలేశారా?" అంది. ప్రశ్న అంటే అదీ. అవును, తెలిసే వదిలేశారు. 1983 లో అమెరికాలో సి కి స్టాండర్డ్ రాయడానికి కమిటీ కూర్చునేసరికే రకరకాల మెషీన్ల మీద రకరకాల కంపైలర్లు నడుస్తున్నాయి, ఒక్కో కంపైలర్‌ది ఒక్కో వరస. ఒక వరసను ఖాయం చేస్తే మిగతావాళ్లు దెబ్బతింటారు, కంపైలర్‌కి కోడ్‌ను వేగంగా చేసే స్వేచ్ఛా పోతుంది. 1989 లో వచ్చిన స్టాండర్డ్‌లో కొన్ని చోట్లు అందుకే ఖాళీగా ఉన్నాయి. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. ఖాళీ ఉన్న చోట ఖాళీ ఉందని పిల్లలకు చెప్పకుండా, అక్కడ మనమే ఒక సంఖ్య రాసేయడం మాత్రం తప్పు.

ఇది సి తో మొదలైన గొడవ కూడా కాదు. 1960 లో ఆల్గాల్ 60 అనే ప్రోగ్రామింగ్ భాషను ప్రకటించినప్పుడు దాని వాక్య నిర్మాణాన్ని బాకస్, నార్ పేర్లతో పిలిచే పద్ధతిలో చాలా కచ్చితంగా రాశారు. (ఇలాంటి పద్ధతి పాణిని ఎప్పుడో వాడాడు కాబట్టి పాణిని-బాకస్ అని పిలవాలని ఇంగర్‌మన్ 1967 లో ఒక కంప్యూటర్ పత్రికకు రాశారు. అదీ సంపాదకుడికి రాసిన ఉత్తరమే.) నిర్మాణం వరకు సరే, ఆ వాక్యాల అర్థం మాత్రం మామూలు ఇంగ్లిష్‌లో రాశారు. ఫలితం ఏమిటంటే, అదే 1967 లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ ఆల్గాల్ 60 లో ఇంకా మిగిలిపోయిన చిక్కులంటూ ఒక వ్యాసమే రాయాల్సి వచ్చింది. అందులో ముఖ్యమైన చిక్కు ఏదో తెలుసా, ఒక ఎక్స్‌ప్రెషన్‌లో భాగాలను ఏ వరసలో లెక్కించాలి, మధ్యలో వేరియబుల్ మారితే ఏం కావాలి అన్నది. మన ఏడో ప్రశ్నే! యాభై ఏళ్లు దాటింది.

ఆ కాలం నుంచే దీనికి మందు వెతికినవాళ్లున్నారు. 1967 లో ఫ్లాయిడ్, 1969 లో హోర్ ప్రోగ్రామ్ అర్థాన్ని తర్కంతో చెప్పే దారి వేశారు, ఆక్స్‌ఫర్డ్‌లో స్కాట్, స్ట్రేచీ గణిత ఫంక్షన్లతో చెప్పారు, 1981 లో ప్లాట్కిన్ డెన్మార్క్‌లో ఇచ్చిన లెక్చర్ నోట్స్‌లో పైన నేను చెప్పినలాంటి రూల్స్‌ను పద్ధతిగా పేర్చి చూపించారు. 1990 లో మిల్నర్, టోఫ్టె, హార్పర్ స్టాండర్డ్ ఎంఎల్ అనే భాష మొత్తాన్ని ఇలాంటి రూల్స్‌తో నిర్వచించి చూపించారు, పుస్తకం వంద పేజీలే. పక్కన పెట్టి చూస్తే సి స్టాండర్డ్ ఐదొందల పేజీలకు పైన, అదంతా వచనం.

సి కి కూడా ఎవరూ చేయలేదని అనుకోకండి. 1998 లో కేంబ్రిడ్జ్‌లో మైకేల్ నోరిష్ పీహెచ్‌డీ పనిగా సి అర్థాన్ని మెషీన్ సరిచూసే తర్కంలో రాశారు. 2012 లో ఇలినాయ్ యూనివర్సిటీలో ఎలిసన్, రోషు సి కి నడిపి చూడగలిగే సెమాంటిక్స్ రాశారు. అంటే రూల్స్ పట్టికే కంప్యూటర్‌లో నడుస్తుంది. అలాంటిదానికి మన ఏడో ప్రశ్న ఇస్తే 24 అనదు, 22 అనదు, ఒకే వస్తువును వరస లేకుండా రెండుసార్లు మారుస్తున్నారని చెప్తుంది. 2008 లో మిడ్ పరీక్షలో ఆ అబ్బాయి రాసింది కూడా దాదాపు అదే కదా.

ఫ్రాన్స్‌లో గ్జావియే లెరోయ్ బృందం కాంప్‌సర్ట్ అనే సి కంపైలర్‌ను, అది అర్థం మార్చకుండా అనువదిస్తుందని గణితపరమైన రుజువుతో సహా తయారు చేసింది. 2011 లో యూటా యూనివర్సిటీ వాళ్లు కంపైలర్లలో తప్పులు పట్టడానికి ఒక పనిముట్టు చేసి, అది పుట్టించే యాదృచ్ఛిక ప్రోగ్రామ్‌లతో కంపైలర్లను పరీక్షిస్తే 325 కు పైగా కొత్త తప్పులు బయటపడ్డాయి, అందరూ వాడే పెద్ద కంపైలర్లలోనే. కాంప్‌సర్ట్‌లో రుజువు చేసిన భాగంలో మాత్రం తప్పు కోడ్ ఇచ్చే బగ్ ఒక్కటీ దొరకలేదు, దానికోసం ఆరేళ్ల సీపీయూ సమయం వెచ్చించినా. అంత గట్టి రుజువు కూడా అర్థం ఉన్న ప్రోగ్రామ్‌లకే వర్తిస్తుంది. అన్‌డిఫైన్డ్ వాక్యం రాస్తే ఆ రుజువు మనకు అక్కరకు రాదు. నేను క్లాసులో ఈ ఒక్క మాట మీద ఎక్కువసేపు ఆగుతాను.

బ్రౌజర్లలో ప్రోగ్రామ్‌లు నడిపే వెబ్‌అసెంబ్లీ అనే కోడ్ భాష సంగతి కూడా చెప్పాలి, ఈ రోజు మన ఫోన్లలో, బ్రౌజర్లలో నడుస్తున్నది కాబట్టి. దాన్ని తయారు చేసినవాళ్లు 2017 లో బయటపెట్టినప్పుడే రూల్స్ రూపంలో అర్థం రాసి ఇచ్చారు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో కాన్రాడ్ వాట్ ఆ రూల్స్‌ను ఒక ప్రూఫ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి చూస్తే కొన్ని పొరపాట్లు బయటపడ్డాయి, వాటిని సరిదిద్దారు. 2019 డిసెంబర్‌లో అది వెబ్ ప్రమాణంగా ఖాయమైంది. రూల్స్ రాసి ఉన్నాయి కాబట్టే అందులో తప్పు ఉందని చూపించడం కుదిరింది. వచనంలో తప్పు చూపిస్తే "మా ఉద్దేశం అది కాదు" అని తప్పించుకోవచ్చు.

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు ఇదంతా నేర్పమని నేను అడగడం లేదు. నా కోరికలు చిన్నవి. ప్రశ్నపత్రాలు తయారు చేసేవాళ్లు, కాలేజీల్లోనైనా, కోచింగ్ సెంటర్లలోనైనా, మీ పేజీలోనైనా, సి లో 'అవుట్‌పుట్ ఎంత' అనే ప్రశ్న ఇచ్చే ముందు రెండు వేర్వేరు కంపైలర్లలో వార్నింగ్‌లు అన్నీ ఆన్ చేసి నడిపి చూడాలి. జీసీసీకి వాల్ (-Wall) అనే ఆప్షన్ ఇస్తే ఈ వాక్యం మీద "ఐ పై జరిగే పని అన్‌డిఫైన్డ్ కావచ్చు" అని అదే చెప్తుంది. క్లాంగ్‌కి ఆప్షన్ కూడా అక్కర్లేదు, అడగకుండానే చెప్తుంది. ఒక్క నిమిషం పని. పిల్లలు రన్ చేసి చూసుకున్నా ఆ వార్నింగ్ లైన్ చదవరు, ఎందుకంటే వార్నింగ్ అంటే పట్టించుకోనక్కర్లేదని మేమే నేర్పాం. ల్యాబ్‌ల్లో టర్బో సి తీసేసి ఉచితంగా దొరికే కొత్త కంపైలర్ పెట్టడానికి ఏ కాలేజీకీ రూపాయి ఖర్చు కాదు. పాత రికార్డు పుస్తకాల్లో క్లియర్ స్క్రీన్ లైన్ ఉందని, కొత్త కంపైలర్‌లో అది నడవదని మార్చడం మానేసిన చోట్లు నాకు తెలుసు.

ఇంటర్వ్యూల్లో ఇవే అడుగుతారు కదా, పిల్లలు నష్టపోతారు కదా అని నన్ను చాలామంది అడుగుతారు. ఆ టెన్షన్ నాకూ ఉంది. అందుకే మా పిల్లలకు ఇలా చెప్తున్నాను: ఎదురుగా మనిషి ఉంటే "ఇది అన్‌డిఫైన్డ్ సార్, ఒకే వాక్యంలో ఐ ని హద్దు లేకుండా మూడుసార్లు మారుస్తున్నాం" అని కారణంతో సహా చెప్పండి, సబ్జెక్ట్ తెలిసినవాళ్లు దాన్ని మెచ్చుకుంటారు. ఆన్‌లైన్ టెస్ట్‌లో నాలుగు ఆప్షన్లే ఉంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. సోమవారం ఆ అమ్మాయికీ అదే చెప్పాల్సి వచ్చింది. తెలిసిన పిల్ల తప్పు టిక్ పెట్టాలా, వదిలేయాలా అని ఆలోచిస్తూ కూర్చుంటుంది, తెలియని పిల్ల 24 పెట్టి ముందుకు వెళ్తుంది.

మీ పేజీని జిల్లాల్లో ఎంతమంది పిల్లలు కత్తిరించి దాచుకుంటారో నేను రోజూ చూస్తున్నాను. అందుకే మీకు రాస్తున్నాను. వచ్చే వారం అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో, ఏడో ప్రశ్నకు సవరణ వేయండి. నాలుగు ఆప్షన్లూ కొట్టేసి, "సి భాష ప్రకారం ఈ వాక్యానికి నిర్వచించిన విలువ లేదు" అని రాసి, కారణం రెండు లైన్లలో ఇవ్వండి. స్థలం తక్కువైతే నా ఉత్తరం వేయకపోయినా ఫర్వాలేదు, ఆ సవరణ మాత్రం వేయండి. ఆ అమ్మాయి కాగితం ముక్కను పారేయలేదు, పక్కనే అంటించుకోవడానికి నోట్‌బుక్‌లో అరపేజీ ఖాళీ వదిలి పెట్టింది.

ఇట్లు,
ఒక ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకురాలు,
ఖమ్మం